బ్లర్ వచ్చిందా, అలుక్కుపోయిందా?

పక్కింటి అమ్మాయి నిన్న ఫోను పట్టుకుని గోడ దగ్గరికి వచ్చింది. "వెనకాల ఎంత బాగా బ్లర్ వచ్చిందో చూడండి పిన్నిగారూ!" అంది. చూశాను. ముఖం చక్కగా, వెన్నెల్లా ఉంది. మరి వెనకాల ఆ ఎర్రటి మసక ఏమిటనుకున్నారు? మా మందారచెట్టండీ! ఏడాదంతా నీళ్లు పోసి పెంచింది నేను, దాన్ని మసక చేసి మురిసిపోయేది తనూనా?

అయినా నాకు ఆ మాటంటే భలే ఇష్టం. బ్లర్. పలికి చూడండి, నోట్లోనే సగం జారిపోతుంది.

ఒకప్పుడు ఫొటో బ్లర్ వచ్చిందంటే పాడైనట్టే. "కదలకండి" అని స్టూడియో ఆయన ఎంత మొత్తుకున్నా సరిగ్గా ఆ క్షణంలోనే చంటివాడు చెయ్యి ఊపేవాడు. ఆ ఫొటో ఆల్బం చివరికి పోయేది. ఇప్పుడో, ఆ మసక కోసమే వేలు పోసి లెన్సులు కొంటున్నారు!

ఇంతకీ 16వ శతాబ్దపు ఇంగ్లీషువాళ్లకి బ్లర్ అంటే ఏమిటో తెలుసా? కాగితం మీద సిరా మరక. అంతే. హామ్లెట్ నాటకంలో తల్లిని నిలదీసే చోట షేక్‌స్పియర్ ఈ మాట వాడాడు. అక్కడ సిరా లేదు, కాగితం లేదు. మరక పడింది శీలం మీద. కంటికి మసకగా కనిపించడమనే అర్థం తర్వాత వచ్చి చేరింది.

సిరా మరక అనగానే మనకీ ఒక మాట తట్టాలే! ఇన్‌లాండ్ కవరు మీద వానచుక్క పడితే ఏమనేవాళ్లం? "అక్షరాలు అలుక్కుపోయాయి" అనేవాళ్లం. ఇల్లు అలికే అలుకేనండీ అది. పేడనీళ్లతో నేల అలికితే పగుళ్లూ గీతలూ కలిసిపోయి ఒకటే నునుపు. అక్షరానికీ అదే గతి. ఎంత ముచ్చటైన మాట!

మసక కంటికి. లీలగా అన్నది జ్ఞాపకానికి, దూరంగా వినిపించే పాటకి. చూచాయగా అన్నది సగం చెప్పి సగం మింగేసే మాటకి. దేని మసక దానిదే మనకి. మా మేనకోడలు మాత్రం "పెళ్లిరోజంతా బ్లర్, అత్తయ్యా" అని ఒక్కమాటలో తేల్చేసింది.

ఆ ఫొటో మసకకి జపాన్‌వాళ్లకి వేరే మాట ఉంది. బొకే. మన పూలగుత్తి బొకే కాదు సుమండీ! అదే పలుకుబడికి అక్కడ ముసలితనపు మతిమరుపనీ అర్థం ఉంది. ఇద్దరు కలిసి హాస్యం పండించే మంజాయ్‌లో, తిక్కతిక్కగా మాట్లాడేవాడి పేరూ బొకేనే. మసకబారిన బుర్ర అన్నమాట.

లెన్సులో వెలుతురు వెళ్లే కన్నం ఎంత పెద్దదైతే అంత మసక. దాని అంకెలు తమాషాగా ఉంటాయి. 1.8 అంటే పెద్ద కన్నం, 16 అంటే చిన్నది. పెద్ద కన్నంతో తీస్తే దూరపు దీపాలన్నీ ఉబ్బి గుండ్రటి వెలుగుబిళ్లలవుతాయి. కన్నం ఆరు రేకులదైతే, కాస్త మూసినప్పుడు ఆ బిళ్లలకీ ఆరు అంచులే! ఫోనుకి అంత కన్నం ఎక్కడిది? ముఖం ఎక్కడ అయిపోయిందో లెక్కగట్టి, మిగతాదంతా తనే అలికేస్తుంది. ఒక్కోసారి జడ అంచునున్న మల్లెపూలనీ కలిపి అలికేస్తుంది. అదొక్కటే నాకు కోపం.

మీకు దూరపు వస్తువులు ఆనవా? అయితే మీకు లెన్సు దండగ. వచ్చే దీపావళికి మేడెక్కి కళ్లజోడు తీయండి. దీపాల వెలుగు రెటీనా దాకా రాకముందే కలుసుకుని, మళ్లీ విచ్చుకుంటుంది. వీధి వీధంతా వెలుగుబిళ్లలే! చేతిలో కాకరపువ్వొత్తి ఉన్నప్పుడు మాత్రం జోడు తీయకండేం!