అవ్వ ఫొటోకి ఏ లెన్సు?

పండగకో పబ్బానికో ఊరికి వచ్చిపోయే మనవాళ్ళు మమ్మల్ని తరచుగా అడిగే మాట ఒకటుంది. "రాత్రిపూట ఇంట్లో తీసిన ఫొటోలన్నీ మసకమసకగా వస్తాయి, ఏ లెన్సు కొనాల?" అని. మేము కెమెరా పండితులం కాము. మా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగు, అంటే ఒకరు చేసినదాంట్లో తప్పులు వెతికే పని. ఆ బుద్ధితోనే అంచెట్టి ఇంట్లో మూడు లెన్సులు పెట్టి చూసినాము. ఆ సంగతి రాస్తాము. తెలుగులో తప్పులుంటే సర్దుకోండి. మేము చదివింది కన్నడ మీడియం, తెలుగు అక్షరాలు పెద్దయినాక నేర్చుకున్నవి.

ముందు ఇది ఎందుకు మొదలైందో చెప్పాల. గోడమీద మా తాత పటం మీరంతా చూసిందే. అది ఓటరు కార్డులో బొమ్మను పెద్దది చేయించింది. ఆయన పోయిన రోజు ఇల్లంతా వెతికినా ఇంకొక ఫొటో దొరకలేదు. గోరంత బొమ్మను గోడకు తగిలించేంత చేస్తే ఏమవుతుంది? కండ్ల చోట రెండు నల్ల మచ్చలు, మీసం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తెలియదు. అవ్వ దాన్ని చూసినప్పుడల్లా, "నన్ను మాత్రం ఇట్ల దయ్యం మాదిరి తగిలించొద్దండ్రా" అంటుంది. నవ్వుతానే అంటుంది. అవ్వకు ఎనబై దాటినాయి.

పగలు తీయొచ్చు కదా అంటారు. పగలు అవ్వ దొరకదు. చేను, మేకలు, పక్కింటి పంచాయితీ. పట్టుకుని నిలబెడితే చేతులు రెండూ కిందికి దించి, ఊపిరి బిగబట్టి, ఆమె కూడా ఓటరు కార్డు మొహమే పెడుతుంది. ఇంక మా ప్రయాణమూ అట్లాంటిదే. శనివారం బెంగళూరులో బయలుదేరితే హోసూరు, డెంకణికోట దాటి చేరేటప్పటికి సాయంత్రం. డెంకణికోట తర్వాత అడవి దావ, ఏనుగులు తిరిగే చోటు, కాబట్టి పొద్దు మునగక ముందే ఊరు చేరాల. ఆదివారం కూడా అట్లనే వెలుతురు ఉండగానే తిరుగుముఖం. మాకు మిగిలేది శనివారం రాత్రి ఒక్కటే.

ఆ రాత్రి అవ్వ తాత పటం కింద గోడకు ఒరిగి, చాపమీద కూచుని అనపకాయలు ఒలుస్తుంది. పదడుగుల గది, ఒక్క 9 వాట్ల ఎల్ఈడీ బల్బు. ఆమె మాట్లాడేది అప్పుడే, నవ్వేది అప్పుడే. ఫ్లాష్ వేస్తే కుదరదు. శుక్లాల ఆపరేషన్ అయిన కండ్లు. "ఆపండ్రా ఆ మెరుపు" అని కొంగు అడ్డం పెట్టుకుంటుంది.

మొదట కెమెరాతో పాటు వచ్చిన 18-55 లెన్సు. జూమ్ 35 దగ్గర పెడితే దాని నోరు ఎఫ్ 4.5 కంటే ఎక్కువ తెరుచుకోదు. ఐఎస్ఓ 1600 పెట్టినా షట్టరు సెకనులో 15వ వంతు దాకా దిగింది. లెన్సులో వణుకు ఆపే ఏర్పాటు ఉంది కదా అని ధైర్యం చేసినాము. గోడ, పటం, చాప అన్నీ గీత గీసినట్టు వచ్చినాయి, అవ్వ చేతులు మాత్రం పొగ మాదిరి వచ్చినాయి. ఆ ఏర్పాటు మా చేతి వణుకును ఆపుతుంది, అవ్వ చేతులను ఆపలేదు కదా! ఫోను నైట్ మోడ్‌లోనూ ఇదే తంటా. అది వరసగా చాలా బొమ్మలు తీసి ఒకటిగా కలుపుతుంది. గుడి గోపురానికి బాగుంటుంది, కాయలు ఒలిచే మనిషికి కాదు.

అందరూ చెప్పే సలహా ఒకటుంది: "50 ఎంఎం, ఎఫ్ 1.8 కొను. చవక, చీకట్లో రాజా." చవక మాట నిజమే. చీకటి మాటా నిజమే, ఎఫ్ 5.6 నుంచి 1.8కి పోతే లోపలికి వచ్చే వెలుతురు సుమారు పదింతలవుతుంది. ఒక స్నేహితుడి దగ్గర పాతది, నికాన్ 50 ఎంఎం 1.8 డి, ఎరవు తెచ్చినాము. మా చిన్న బాడీమీద ఆటోఫోకస్ పని చేయలేదు. లెన్సు చెడిపోయింది అనుకున్నాము. కాదు, ఆ లెన్సుకు బాడీలో మోటారు ఉండాల, మా దాంట్లో లేదు. మా భాషలో చెప్తే అది బగ్ కాదు, స్పెసిఫికేషన్ చదవని మా తప్పు. సెకండ్‌హ్యాండ్ కొనేవాళ్ళు ఇది చూసుకోండి. తర్వాత సొంత మోటారు ఉండే 1.8 జి కొన్నాము.

రెండేండ్లు దాంతోనే తీసినాము. మొహం బాగా వచ్చింది, ఒక్కొక్క ముడత తెలిసింది. కానీ ఆ ఫొటోలు చూస్తే అది అంచెట్టి అని తెలియదు, ఏ ఊరి అవ్వయినా కావచ్చు. మా కెమెరాలో సెన్సరు చిన్నది కాబట్టి 50 అక్కడ 75 మాదిరి చూస్తుంది. వెనక గోడకు వీపు ఆనించి, కెమెరా నిలువుగా పట్టుకున్నా మూడున్నర అడుగుల ఎత్తు కంటే కొంచెం ఎక్కువ పడుతుంది, అంతే. గోడను వెనక్కి జరపలేము కదా.

ఇక్కడ ఒక చిన్న మాట. బళ్ళో మాకు లెన్సు అంటే 'మసూర' అని చెప్పినారు. తెలుగు పుస్తకంలో అది 'కటకం' అని ఈ మధ్యనే తెలిసింది. మసూర అంటే మసూర్ పప్పే, లెన్స్ అనే మాట కూడా లాటిన్‌లో ఆ పప్పు పేరే. అవ్వకు చెప్తే, "ఇన్ని వేలు పోసి పప్పు బద్ద కొన్నారా?" అని అడిగింది.

మూడవది 35 ఎంఎం, ఎఫ్ 1.8. నికాన్ ఈ చిన్న సెన్సరు కెమెరాల కోసమే 2009లో తెచ్చింది. నోరు అదే 1.8, చూపు వెడల్పు. అదే గోడకు ఆనుకుని, అదే బల్బు కింద తీస్తే అయిదడుగుల పైన ఎత్తు పడుతుంది. కన్ను దగ్గరా చెవి దగ్గరా రెండూ స్పష్టంగా ఉండాలని నోరు ఎఫ్ 2.2కు కొంచెం మూసినాము. షట్టరు 50వ వంతు. మన కరెంటు 50 హెర్ట్జ్, చవక ఎల్ఈడీ బల్బులు సెకనుకు 100 సార్లు మిణుకుతాయి, అందుకే 50 గానీ 100 గానీ పెడితే చారలు పడే బాధ తక్కువ. కాయ ఒలిచే వేలు అప్పుడప్పుడు కదిలినట్టు వస్తుంది, రానీ.

ఇంకా వెడల్పు నోరు ఉండే లెన్సులు లేవా అంటే ఉన్నాయి. 1975లో వచ్చిన కుబ్రిక్ 'బ్యారీ లిండన్' సినిమాలో కొవ్వొత్తుల వెలుతురులో సీన్లు తీసింది నాసా కోసం జైస్ కంపెనీ చేసిన 50 ఎంఎం, ఎఫ్ 0.7తో. దాంట్లో ఫోకస్ ఎంత సన్నమంటే మనిషి కొంచెం ముందుకు వంగినా మసకే. మా అవ్వ వంగకుండా ఉంటుందా?

పోయిన చలికాలం 35తో తీసిన వాటిలో ఒకటి నిలిచింది. ఐఎస్ఓ 1600 కాబట్టి కొంచెం ఇసక చల్లినట్టుంది. అవ్వ ఒళ్ళో చాట, నోరు సగం తెరిచి ఎవరినో తిడుతూ నవ్వుతోంది. పైన తాత పటం, ఫోకస్ దాటి ఉంది కాబట్టి మసక. ఆయన మొదటినుంచీ మసకే కదా అనుకున్నాము.

ల్యాప్‌టాప్‌లో చూపించినాము. అద్దాలు తెచ్చుకుని చాలాసేపు చూసింది. తన మొహం గురించి ఏమీ అనలేదు. తెరమీద పైన వేలు పెట్టి, "మీ తాత కూడా పడినాడే" అంది. కాసేపటికి మళ్ళీ చాట దగ్గరికి లాక్కుని, "ఇది పెద్దది చేయిస్తే ఎంతవుతుందండ్రా?" అని అడిగింది.