హంపికి ముందు లేపాక్షి!

సెలవులొస్తున్నాయంటే చాలు, ఇంట్లో ఊళ్ల పేర్లు మోగిపోతుంటాయి. తిరుపతి, హంపి, హార్స్‌లీ హిల్స్‌... 'ఈసారి బస్సులొద్దు, బళ్లమీదే పోదాం' అంటారు పిల్లలు. సరదాగానే ఉంటుంది. కానీ చట్టం ప్రకారం ఒక బండిమీద ఇద్దరే ఎక్కాలి. ఇంట్లో నలుగురుంటే రెండు బళ్లు కావాలి. ఒకటి నాన్న నడుపుతాడు. మరి రెండోది? మొన్ననే లైసెన్సు చేతికొచ్చిన అమ్మాయో, కూరగాయల మార్కెట్‌ దాటి ఎన్నడూ స్కూటీ తీయని అమ్మో నడపాలి. చిక్కంతా అక్కడే!

కొత్తగా నడిపేవాళ్లను కంగారుపెట్టేది దూరం కాదు, ముందు వెళ్తున్న బండి కనుమరుగైపోవడం. అందుకోవాలని వేగం పెంచుతారు. ప్రమాదం అక్కడే పొంచి ఉంటుంది. అందుకే పెద్ద ప్రయాణానికి ముందు చిన్న రిహార్సల్‌ కావాలి. శ్రీసత్యసాయి జిల్లాలోని హిందూపురం-పెనుకొండ-ధర్మవరం దారి దానికి చక్కగా సరిపోతుంది. లేపాక్షి వెళ్లిరావడంతో కలిపి వంద కిలోమీటర్ల పైచిలుకు. పైగా మూడు ఊళ్లూ ఒకే రైలుమార్గంలో ఉన్నాయి. వెనక కూర్చున్నవాళ్లు అలసిపోతే రైలెక్కేయొచ్చు.

మొదటి పాఠం... లేపాక్షి

హిందూపురం నుంచి లేపాక్షి పదిహేను కిలోమీటర్లు. వెనక మనిషిని కూర్చోబెట్టుకుని నడపడం ఇక్కడే అలవాటు చేసుకోవాలి. ఇద్దరి బరువుంటే బండి ఆగడానికి ఎక్కువ దూరం పడుతుంది. మలుపులో అది ఒరిగితే వెనకున్నవాళ్లూ దాంతోపాటే ఒరగాలి, భయపడి ఎదురు వంగకూడదు. వెనక టైరులో గాలి ఎంతుండాలో ఒక్కరికీ, ఇద్దరికీ వేర్వేరుగా కంపెనీ చెబుతుంది. చైను, బ్రేకులు, లైట్లు వారం ముందే మెకానిక్‌కి చూపించాలి. బయల్దేరే రోజు పొద్దున కాదు!

ఏకశిలా నంది పొడవు 27 అడుగులు, ఎత్తు 15 అడుగులు. దాన్ని చూశాక పదహారో శతాబ్దపు వీరభద్రాలయంలో వేలాడే స్తంభం, పైకప్పు చిత్రాలు చూడండి. తలెత్తి చూస్తుంటే మెడ పట్టేసినట్టుందా? అయితే హెల్మెట్‌ సరిపోలేదేమో, ఒకసారి చూసుకోండి.

రెండో పాఠం... పెనుకొండ

తిరిగి హిందూపురం వచ్చి సోమందేపల్లి మీదుగా పెనుకొండ వెళ్లాలి. కోతల కాలంలో ఈ ప్రాంతపు పల్లెల్లో రాగి కంకులు, ఉలవచెట్లు రోడ్డుమీదే పరుస్తారు. వాటిమీద బ్రేకు వేస్తే బండి జారుతుంది. ముందే నెమ్మదించి దాటాలి.

సోమందేపల్లి దగ్గర 44వ నంబరు జాతీయ రహదారి ఎదురవుతుంది. లారీల హోరుకు కొత్తవాళ్లు బెదురుతారు. 2019లో కార్ల తయారీ మొదలైన కియా ఫ్యాక్టరీ పెనుకొండ దగ్గరే ఉంది, రద్దీ తప్పదు. ఇక్కడ ఒకటే సూత్రం... కొత్తవాళ్లు ముందు, అనుభవమున్నవాళ్లు వెనక. వేగం ఎంతో ముందున్నవాళ్లే తేల్చాలి. వెనకనుంచి హారన్‌ కొట్టి తొందరపెట్టకూడదు.

1565లో తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజధాని హంపి నుంచి పెనుకొండకే తరలింది. సామ్రాజ్యమే ఇక్కడ ఆగి ఊపిరి పీల్చుకుంది. మనం ఓ గంట ఆగితే తప్పేంటి! గగన్‌మహల్‌, బాబయ్య దర్గా చూడొచ్చు. కోట కొండ ఎక్కడం మాత్రం మరోసారికి వాయిదా వేయండి. కాళ్లు లాగేస్తుంటే బ్రేకుమీద పట్టుండదు.

మూడో పాఠం... ధర్మవరం

ఇక్కడికొచ్చి పట్టుచీర కొనకుండా ఎవరుంటారు? ఆ సంచి హ్యాండిల్‌కి తగిలిస్తే మాత్రం బండి సరిగ్గా తిరగదు. వెనక క్యారియర్‌కి బిగించి కట్టాలి. కొంగు, చున్నీ చక్రంలో పడకుండా దోపుకోవాలి. శారీగార్డు పీకేసిన బండిని ప్రయాణానికి తీయొద్దు.

ఎండ ముదరకముందే తెల్లవారుజామున బయల్దేరి, గంటకోసారి ఆగి నీళ్లు తాగుతూ రావాలి. రాత్రికి ధర్మవరంలోనే బస చేసి మర్నాడు తిరుగు ప్రయాణం పెట్టుకుంటే మంచిది.

ఇవి మరవొద్దు

* ఎల్‌ బోర్డు దశలో ఉన్నవాళ్లకు ఈ ప్రయాణం వద్దు. నేర్పేవాళ్లు తప్ప వాళ్ల వెనక ఎవరూ కూర్చోకూడదన్నది నిబంధన.
* వెనక కూర్చున్నవాళ్లకూ ఐఎస్‌ఐ హెల్మెట్‌ ఉండాలి. నాలుగేళ్లలోపు పిల్లలకు హెల్మెట్‌తోపాటు నడిపేవాళ్లకు కట్టే బెల్టూ ఉండాలని, వేగం 40 కిలోమీటర్లు దాటకూడదని 2023 ఫిబ్రవరి నుంచి నిబంధన ఉంది.
* అత్యవసరమైతే 112, 108. జాతీయ రహదారిమీద 1033.

ఇంటికొచ్చాక బండి నడిపిన అమ్మాయిని కూర్చోబెట్టి అడగండి. చేతులు తిమ్మిరెక్కాయా? ఎక్కడ భయమేసింది? 'బాగానే నడిపావులే' అని మాట దాటేయకండి. 'ఇంకో రెండుసార్లు ఇదే దారిలో తిరుగుదాం నాన్నా' అంటే సరేననండి. హంపి ఎక్కడికీ పోదు!