యాభై నిమిషాలు, ఫీజు, గుమ్మం

మా వృత్తిలో జబ్బు గురించి కంటే టైము గురించీ డబ్బు గురించీ మాట్లాడుకునేదే ఎక్కువ. సైకోఅనాలిసిస్ అనగానే జనానికి కలలు, చిన్నతనం, సెక్సు, పడుకోబెట్టి మాట్లాడించడం గుర్తొస్తాయి. అవన్నీ ఉన్నమాట నిజమే. కానీ హైదరాబాద్‌లో ఒక అపార్టుమెంటు మొదటి అంతస్తులో రెండు కుర్చీలూ ఒక దివానూ వేసుకుని నేను చేసే పనిలో సగం వేరే వాటి చుట్టూ తిరుగుతుంది. యాభై నిమిషాలవగానే లేవడం, నెలకోసారి ఫీజు తీసుకోవడం, చెప్పకుండా మానేసిన రోజుని కూడా లెక్కలో వెయ్యడం.

1913లో ఫ్రాయిడ్, ఈ పనిలోకి కొత్తగా వచ్చే డాక్టర్ల కోసం ఒక వ్యాసం రాశాడు. అందులో సిద్ధాంతం తక్కువ, ప్రాక్టీసు నడిపే సంగతులు ఎక్కువ. ఒక్కో పేషెంటుకి ఒక గంట కేటాయిస్తానని, ఆ గంట అతనిదేనని, రాకపోయినా డబ్బు కట్టాల్సిందేనని చెప్పేశాడు. చదువుకున్నవాళ్లు సెక్సు గురించి ఎంత దాపరికం చూపిస్తారో డబ్బు గురించీ అంతే చూపిస్తారు కాబట్టి ముందు డాక్టరే మొహమాటం వదలాలన్నాడు. పేషెంటుని పడుకోబెట్టి తను వెనక కూర్చోవడానికి ఆయన చెప్పిన కారణాల్లో ఒకటి, రోజంతా జనం తన మొహంలోకి చూస్తూ ఉంటే తట్టుకోలేననేది. ఇంత సూటిగా చెప్పినందుకే ఆ వ్యాసం నాకు ఇష్టం.

ఈ నియమాలు డాక్టరు సౌకర్యం కోసం పుట్టినా, వాటికి ఇంకో పని కూడా ఉంది. గీత ఒకటి ఉంటేనే కదా, దాని దగ్గరికొచ్చాక ఎవరు ఏం చేస్తారో తెలిసేది! ఒకరు దాటతారు, ఒకరు పోట్లాడతారు, ఒకరు గీతకి గజం దూరంలోనే ఆగిపోతారు. మనిషి తన కథ అని చెప్పేదానికంటే, ఆ గీత దగ్గర చేసేది నాకు ఎక్కువ చెబుతుంది. (కింద చెప్పే మనుషుల ఊళ్లూ ఉద్యోగాలూ చుట్టరికాలూ మార్చేశాను. చదివితే వాళ్లే తమని గుర్తుపట్టలేరు.)

ఒకబ్బాయి వచ్చేవాడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ముప్పైకి దగ్గరపడుతున్న వయసు. నిద్ర పట్టదు, ఆఫీసులో ఎవరు ఏ పని అంటగట్టినా కాదనలేడు. మా భాషలో చెప్పాలంటే బంగారం లాంటి పేషెంటు. ముందే వచ్చి కింద లిఫ్టు దగ్గర నిలబడి, సరిగ్గా టైముకే బెల్లు కొట్టేవాడు. ఒకటో తారీకు పొద్దున్నే ఫోన్‌లో ఫీజు పడేది. మే నెలలో చెమటలు కారుతున్నా ఫ్యాను పెంచమని అడిగేవాడు కాదు. ఒకసారి నాకు జ్వరం వచ్చి సెషను నేనే రద్దు చేశాను. ఆ నెల ఫీజులో ఆ రోజు డబ్బు కూడా కలిపి పంపాడు.

"నేను రాని రోజుకి మీరెందుకు కట్టారు?" అని అడిగితే, "ఏముంది మేడమ్, మీకూ ఖర్చులుంటాయి కదా" అన్నాడు.

ఇలాంటి చోట డబ్బు తిరిగి పంపేసి, "పర్లేదండీ" అనేసి ముందుకి పోవడం మర్యాద. మా పనిలో ఆ మర్యాద పనికిరాదు. "తప్పకుండా వెనక్కి పంపుతాను, కానీ ముందు దీని గురించి కాస్త మాట్లాడుకుందాం" అన్నాను. అతనికి చాలా ఇబ్బందయింది. ఇంత చిన్న విషయాన్ని పట్టుకుని సాగదీస్తున్నానని కోపం వచ్చినట్టే ఉంది, కానీ బయటికి నవ్వాడు. కొన్ని వారాలు అలాగే నవ్వాడు.

అతను విజయవాడలో మేనమామ ఇంట్లో ఉండి ఇంటర్ చదివాడు. ఈ సంగతి మొదట్లోనే చెప్పాడు, "బాగా చూసుకున్నారు" అని ఒక్క ముక్కలో. ఇప్పుడు ఫీజు గురించి మాట్లాడుతుంటే అదే ఇల్లు మళ్లీ వచ్చింది, ఈసారి బియ్యం బస్తాతో. నెలనెలా నాన్న ఊరి నుంచి బస్తా పంపేవాడట. అది ఆలస్యమైన నెలలో ఇతను అన్నం మారు అడిగేవాడు కాదు. అత్తయ్య ఒక్క మాట అనలేదు, మొహం కూడా మార్చలేదు. అయినా బస్తా దిగిన చప్పుడు వినేదాకా కడుపునిండా తినలేదు. అదంతా చెబుతూ, చెబుతూ, "మీరు నన్ను ఇంక రావద్దంటారేమో అనిపించింది మేడమ్, జ్వరం అన్నప్పుడు" అన్నాడు.

దీన్నే ట్రాన్స్‌ఫరెన్స్ అంటాం. ఎక్కడో ఎప్పుడో ఒక మనిషితో పడిన ముడిని, తెలియకుండానే ఎదురుగా ఉన్న మనిషితో వేసుకోవడం. 1914లో ఫ్రాయిడ్ రాసిన ఇంకో వ్యాసం సారాంశం ఏమిటంటే, అణిచేసి మరిచిపోయినదాన్ని పేషెంటు జ్ఞాపకంగా చెప్పడు, చేష్టగా మళ్లీ మళ్లీ జరిపిస్తాడు, తను జరిపిస్తున్నానని తెలియకుండానే. ఈ అబ్బాయి మేనమామ ఇంటి సంగతి నాకు చెప్పడానికి చాలాకాలం ముందు నుంచే ఒకటో తారీకున బస్తా దింపుతున్నాడు. అత్తయ్య కుర్చీలో నన్ను కూర్చోబెట్టాడు. పుస్తకంలో చదివినప్పుడు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. ఎదురుగా జరుగుతున్నప్పుడు మాత్రం, టైముకి ఫీజు కట్టే మంచి కుర్రాడు తప్ప ఇంకేం కనబడదు.

నాకు కనబడకపోయినా ఇంకోరకంగా తెలుస్తూనే ఉంది. మొదటి నెల నుంచీ ఈ అబ్బాయి లోపలికి రాగానే ఏదైనా తినడానికి పెట్టాలనిపించేది. వేరే ఎవరితోనూ నాకలా ఉండదు. ఎప్పుడూ పెట్టలేదు, కానీ ఆ కోరిక నోట్సులో రాసుకునేదాన్ని. డాక్టరులో పుట్టే ఇలాంటి భావాల్ని కౌంటర్ ట్రాన్స్‌ఫరెన్స్ అన్నారు. 1910లో ఫ్రాయిడ్‌కి అది డాక్టరు గుర్తించి జయించాల్సిన అడ్డంకి. 1950లో లండన్‌లో పౌలా హైమన్ ఆ మాటని తిరగేసింది. పేషెంటు అచేతనంలో ఏముందో తెలుసుకోవడానికి డాక్టరుకున్న ముఖ్యమైన పనిముట్లలో ఇదొకటి అంది. ఈ పనిముట్టుతో ప్రమాదం కూడా ఉంది. నా సొంత గొడవని పేషెంటు నెత్తిన రుద్ది, "నాకిలా అనిపిస్తోంది కాబట్టి నీలో అది ఉంది" అనడం చాలా సులువు. అందుకే మేమూ ముందు ఒకరి దగ్గర అనాలిసిస్ చేయించుకుంటాం, సూపర్‌విజన్‌కి వెళ్తాం.

గుమ్మం సంగతి. ఒక పెద్దావిడ వచ్చేవారు. సెషనంతా కోడలి మీద ఫిర్యాదులు: పప్పులో ఉప్పు, పిల్లాడి స్కూలు, ఫ్రిజ్‌లో పెట్టిన సాంబారు. వింటుంటే నాకు నిద్రొచ్చేది (అదీ నోట్సులోకి ఎక్కేది). ఒకరోజు టైమయింది, లేచారు. గుమ్మం దగ్గర వంగి చెప్పులు తొడుక్కుంటూ, నా వైపు చూడకుండా, "ఇవాళ మా మొదటి బాబు పోయిన రోజండీ" అన్నారు. ఆ బాబు ఉన్నాడని కూడా అప్పటిదాకా నాకు తెలీదు.

చదివేవాళ్లకి ఇక్కడ నా మీద కోపం వస్తుందని తెలుసు, ఎందుకంటే నేను ఆవిడని తిరిగి కూర్చోమనలేదు. "చెప్పినందుకు మంచిదండీ, వచ్చేవారం ఇక్కడి నుంచే మొదలుపెడదాం" అన్నాను. యాభై నిమిషాలు ఎదురుగా కూర్చుని చెప్పలేనిది చెప్పులు తొడుక్కుంటూ చెప్పగలిగారంటే, చెప్పాక వెళ్లిపోవచ్చన్న భరోసా ఉండబట్టే. తలుపు పక్కనే ఉంది, టైమైపోయింది, ఎవరూ గుచ్చిగుచ్చి అడగరు. ఆ సమయంలో నేను చెయ్యి పట్టుకుని లోపలికి లాగితే ఆ భరోసా పోతుంది. వచ్చేవారం ఆవిడ మాట్లాడారు, కోడలికి పుట్టిన మనవడు ఆ బాబులాగే ఉంటాడని. ఉప్పూ సాంబారూ ఎందుకు అంత పెద్దవయ్యాయో అప్పుడు తెలిసింది.

ఇంగ్లండ్‌లో పిల్లల డాక్టరుగా పనిచేస్తూ ఈ వృత్తిలోకి వచ్చిన విన్నికాట్ 1949లో అచ్చయిన ఒక వ్యాసంలో, డాక్టరుకి పేషెంటు మీద ద్వేషం కూడా ఉంటుందని, గంట ముగియడంలోనే అది బయటపడుతుందని రాశాడు. మొదటిసారి చదివినప్పుడు ఇదేం మాట అనుకున్నాను. ఇప్పుడు నాకది ఉపకారంలా కనిపిస్తోంది. ఎంతసేపైనా కూర్చుంటానని చెప్పే మనిషి దగ్గర ఎవరూ కోపగించుకోలేరు. టైమైందని లేచే మనిషి మీద కోపగించుకోవచ్చు, వారం తర్వాత వచ్చి ఆ మాట అనొచ్చు.

మన దగ్గర గీతలు ఇంత శుభ్రంగా నిలవవనేది కూడా ఒప్పుకోవాలి. కూతుర్ని పంపిన తండ్రి ఫోన్ చేసి, "డబ్బు కట్టేది నేనేనమ్మా, అది ఏం చెబుతోందో నాకు తెలియాలి కదా" అంటాడు. కూతురికి ఇరవై నాలుగేళ్లు. 2017 మానసిక ఆరోగ్య చట్టం గోప్యతని హక్కుగా రాసింది, అది చెబితే ఆయన ఇంకా మండిపడతాడు. ఆయన భయం విని, ఏమీ చెప్పకుండా ఫోన్ పెట్టడం ఒక విద్య. ఆవకాయ జాడీలు వస్తాయి, శుభలేఖలు వస్తాయి, తిరుపతి లడ్డూ వస్తుంది. బహుమతి తీసుకోకుండా దాని అర్థం అడగమని మాకు నేర్పారు. ప్రసాదం వద్దనమని చెప్పినవాడు ప్రసాదం పుచ్చుకునే ఇంట్లో పుట్టి ఉండడు. నేను కళ్లకద్దుకుని తీసుకుంటాను, అర్థం తర్వాత అడుగుతాను.

గిరీంద్రశేఖర్ బోస్ 1922లో కలకత్తాలో ఇండియన్ సైకోఅనలిటికల్ సొసైటీ పెట్టిననాటి నుంచీ ఈ తిరకాసు ఉంది. ఢిల్లీలో ఏళ్ల తరబడి ప్రాక్టీసు చేసిన సుధీర్ కాకర్, మన పేషెంటు డాక్టరులో గురువుని వెతుక్కుంటాడని రాశాడు. నాకు ఎదురయ్యేదీ అదే. "మీరే చెప్పండి మేడమ్, ఏం చెయ్యమంటారు?" అనే ప్రశ్న సెషనుకొకటి వస్తుంది.

అర్ధాంతరంగా మానేసేవాళ్లు ఎక్కువ. 1900 చివరి రోజున ఫ్రాయిడ్ దగ్గరికి వచ్చిన పద్దెనిమిదేళ్ల అమ్మాయి ఇదే ఆఖరని చెప్పి వెళ్లిపోయింది. 1905లో అచ్చయిన ఆ కేసులో ఆయన ఆమెకి డోరా అని పేరు పెట్టాడు. ఎప్పుడు నిర్ణయించుకున్నావని అడిగితే రెండు వారాల క్రితం అంది, పనిమనిషి ముందుగా నోటీసు ఇచ్చినట్టు. ట్రాన్స్‌ఫరెన్స్‌ని సకాలంలో పట్టుకోలేకపోయానని ఆయనే రాసుకున్నాడు. నాకైతే మెసేజ్ వస్తుంది: "ఆఫీసులో బిజీ, నెక్స్ట్ మంత్ చూస్తా."

ఆ సాఫ్ట్‌వేర్ అబ్బాయి అలా మానలేదు. ఒకరోజు ఆలస్యంగా వచ్చాడు, సారీ కూడా చెప్పలేదు. తర్వాత కంపెనీలో ఉద్యోగాలు పీకేశారు, అతనిదీ పోయింది. నేను చూసుకుంటూ ఉన్నాను, చెప్పకుండా మాయమవుతాడా, అప్పు చేసి కడతాడా అని. వచ్చి, "ఫీజు తగ్గించండి" అన్నాడు. తగ్గిస్తే పని చెడుతుందని మావాళ్లలో కొందరంటారు. ఫీజు గురించి అంత కచ్చితంగా రాసిన ఫ్రాయిడే పదేళ్లపాటు రోజూ ఒక గంట, ఒక్కోసారి రెండు, ఉచితంగా ఇచ్చాడు. 1920లో బెర్లిన్‌లో ఆయన శిష్యులు, కట్టలేనివాళ్ల కోసం క్లినిక్కే తెరిచారు. నేను తగ్గిస్తాను, ఎంతనేది మాత్రం బేరమాడతాను. ఇతను సగం అన్నాడు. నేను మూడో వంతు తగ్గిస్తానన్నాను.

"అది చాలా ఎక్కువ మేడమ్," అన్నాడు, "పైగా ఈ గదిలో ఏసీ కూడా లేదు."