టీకామందు వెళ్ళిన దారి

పిల్లలూ, తెలంగాణ పటం తీసి ముందు పెట్టుకోండి. సికిందరాబాదు మీద వేలు పెట్టి, ఉత్తరంగా, కొంచెం తూర్పువైపుకు జరపండి. శామీరుపేట, సిద్దిపేట, కరీంనగరం వరుసగా తగులుతాయి. అక్కడినుంచి జగిత్యాల, ధర్మపురి. ధర్మపురి దాటగానే గోదావరి. నది అవతల జన్నారం అడవులు, ఉట్నూరు, ఇంద్రవెల్లి, ఆ పైన ఆదిలాబాదు. ఆదిలాబాదు దాటి ఇంకా పైకి పోతే పెన్‌గంగ అడ్డం వస్తుంది. దాని అవతల మహారాష్ట్రం.

ఈ దారిలో నేను నలభయ్యేళ్ళుగా తిరుగుతున్నాను. పంతులుగా కొత్తలో ఉట్నూరు ప్రాంతంలో పనిచేశాను. తరువాత జగిత్యాల దగ్గర. చివరకు కరీంనగరంలో ప్రధానోపాధ్యాయుడుగా పదవీ విరమణ చేసి అక్కడే ఉన్నాను. ఇన్నేళ్ళలో ఈ దారి ఎన్నో సార్లు ఆగింది. వరదలకు ఆగింది, సమ్మెలకు ఆగింది. కాని కంటికి కనపడని ఒక సూక్ష్మజీవికి భయపడి ఆగటం 2020లోనే చూశాను. అది మళ్ళీ ఎట్లా తెరుచుకున్నదో చెపుతాను. బస్సెక్కండి.

సికిందరాబాదు జూబిలీ బస్ స్టేషన్‌లో కరీంనగరం బస్సెక్కితే కొద్దిసేపట్లోనే శామీరుపేట వస్తుంది. పెద్ద చెరువు కనిపిస్తుంది. ఆ తరువాత తుర్కపల్లి. ఇక్కడ జీనోమ్ వ్యాలీ అనే చోట మందుల పరిశోధనశాలలు చాలా ఉన్నాయి. అందులో భారత్ బయోటెక్ అనే సంస్థ ఉన్నది. మన దేశంలో తయారైన కొవాగ్జిన్ టీకా పుట్టింది అక్కడే. బస్సు కిటికీలోంచి చూస్తే తెల్లటి గోడలు, చెట్లు తప్ప ఏమీ కనిపించవు. లోపల జరిగిన పని మాత్రం గొప్పది.

ఏం చేశారంటే, పూనాలోని వైరాలజీ సంస్థవారు రోగుల నుంచి వేరుచేసిన కరోనా వైరస్‌ను ఇక్కడికి పంపారు. దానిని జీవకణాలలో పెంచి, రసాయనంతో చంపి, ఆ చచ్చిన వైరస్‌తో టీకా తయారుచేశారు. చచ్చిన వైరస్‌వల్ల ఏం లాభమంటారా? అడవి పక్క ఊళ్ళో చచ్చిన పులిని తెచ్చి పడుకోబెట్టారనుకోండి. అది కరవదు. కాని దాని చారలు చూసినవాడు బతికిన పులి వచ్చినప్పుడు క్షణంలో గుర్తుపడతాడు. మన నెత్తురులోని రక్షకకణాలు కూడా అంతే. ముందుగా చూసిన శత్రువును ఆలస్యం లేకుండా ఎదుర్కొంటాయి. ఇంకొక టీకా కొవిషీల్డ్. దానిని పూనాలోని సీరం ఇన్‌స్టిట్యూట్‌లో చేశారు. దాని పద్ధతి వేరు. 2021 జనవరి 16న దేశమంతటా ఈ రెండు టీకాలే మొదలయ్యాయి.

బస్సు సిద్దిపేట దాటి, మానేరు వంతెన ఎక్కి కరీంనగరం చేరుతుంది. 2020 మార్చిలో విదేశాల నుంచి వచ్చిన ఒక బృందంలో కరోనా బయటపడ్డది ఈ ఊళ్ళోనే. పాపం, వాళ్ళ తప్పేమీ లేదు. మనిషితోపాటే రోగమూ ప్రయాణం చేస్తుంది, టిక్కెట్టు కొనదు, అంతే. వీధులకు అడ్డంగా కర్రలు కట్టారు. ఆరోగ్యశాఖవాళ్ళు జట్లు జట్లుగా ఇల్లిల్లూ తిరిగి జ్వరమున్నదా, దగ్గున్నదా అని అడిగారు. మా వీధిలో పాలవాడు సీసా గేటుమీద పెట్టి దూరంగా నిలబడి కేకవేసేవాడు. మార్చి 22 నుంచి బస్సులు, రైళ్ళు ఆగిపోయాయి. జిల్లాల బస్సులు మే 19న మళ్ళీ కదిలాయి.

మీరిక్కడ ఒక సంగతి గమనించాలి. అప్పుడు బస్సులు కదిలింది ప్రభుత్వం ఉత్తరువు ఇచ్చినందువల్ల. రోగం పోయినందువల్ల కాదు. అందుకే ఏడాది తిరగకముందే రెండో కెరటం వచ్చింది. 2021 మే 12న రాష్ట్రమంతటా మళ్ళీ తలుపులు మూశారు. జూన్ 19 దాకా తియ్యలేదు. ఉత్తరువుతో తెరిచిన దారి ఉత్తరువుతోనే మూసుకున్నది.

ఆ మే నెలలోనే నాతో ఇరవయ్యేళ్ళు పనిచేసిన లెక్కల మాస్టారు పోయారు. మార్చి ఒకటో తారీకు నుంచి అరవై దాటినవాళ్ళకు టీకా వేస్తున్నారు. నేను వెళ్ళి వేయించుకున్నాను. ఆయనను పిలిచాను. "ఇంట్లో పెళ్ళి ఉన్నది, జ్వరం వస్తే పనులు ఆగుతాయి, పెళ్ళి కాగానే వేయించుకుంటాను" అన్నారు. పెళ్ళి బాగా జరిగింది. తరువాత ఇరవై రోజులకు ఆయన లేరు. చెయ్యి పట్టుకుని తీసుకుపోతే పోయేదేమో అని నాకిప్పటికీ అనిపిస్తుంది.

2022 జనవరిలో మూడో కెరటం వచ్చింది. ఆ నెలలో బడులు మూశారు గాని, బస్సులు ఆగలేదు. నాకూ జ్వరం వచ్చింది. మూడు రోజులు గంజి తాగి పడుకుని లేచాను. టీకా వేసుకున్నవాళ్ళకు కరోనా రానే రాదని ఎవరైనా చెపితే నమ్మకండి, వస్తుంది. కాని ఆస్పత్రిలో పడేంతగా, ప్రాణం మీదికి వచ్చేంతగా రావటం చాలా తగ్గింది. ఆ కెరటంలో వచ్చిన ఒమిక్రాన్ రకం అంతకుముందు రకమంత క్రూరమైనది కాదన్నదీ నిజమే. రెండూ కలిసి మనకు దారి మిగిల్చాయి. అదే జనవరిలో, రాష్ట్రంలో అన్ని జిల్లాలకంటె ముందు రెండో డోసు నూటికి నూరుపాళ్ళు పూర్తి చేసిందని కరీంనగరానికి పేరు వచ్చింది. (నూరుపాళ్ళు అన్నది అంచనా జనాభా మీద కట్టిన లెక్క. లెక్కల మాస్టారు ఉంటే ఈ మాట తప్పకుండా అడిగేవారు.)

జగిత్యాల వచ్చింది. ఈ చుట్టుపక్కల ఊళ్ళలో గల్ఫు దేశాలకు పోయినవాళ్ళు లేని వాడ కనిపించదు. నా దగ్గర ఏడో తరగతి చదివినవాడు ఒకడు మస్కట్టులో క్రేను నడుపుతాడు. కూతురి పెళ్ళికని 2021 మార్చిలో వచ్చాడు. ఏప్రిల్‌లో ఒమాన్ దేశం మన దేశం నుంచి వచ్చేవాళ్ళను ఆపివేసింది. నలభయ్యైదు దాటినవాడు గనుక ఆ నెలలోనే టీకాకు పోయాడు. ఆ రోజు కేంద్రంలో కొవాగ్జిన్ ఉన్నది, అదే వేశారు. తరువాత రెండో డోసూ అయింది. సెప్టెంబరులో ఒమాన్ తలుపు తీసింది, రెండు డోసులు వేసుకున్నవాళ్ళు రావచ్చునన్నది. కాని వాళ్ళు ఒప్పుకున్న టీకాల జాబితాలో కొవాగ్జిన్ పేరు లేదు!

వాడు మా ఇంటికి వచ్చి కూర్చున్నాడు. "సార్, మన తొవ్వ పక్కన తయారైన మందే గద. మన ఊరికి పనికొచ్చింది, మస్కట్టుకు పనికి రాదా?" అన్నాడు. పెళ్ళికి తెచ్చిన అప్పు మీద వడ్డీ నెలనెలా పెరుగుతున్నది. పోనీ ఇంకొక టీకా వేయించుకుందామంటే మన నియమాలు ఒప్పుకోలేదు.

నేను వాడికి ఒకటే చెప్పాను. "ఒరేయ్, జవాబుపత్రం బాగా రాసినంత మాత్రాన మార్కులు పడవు. దిద్దేవాళ్ళు దిద్దాలి. ప్రపంచ ఆరోగ్యసంస్థవారు ఆ కాగితాలు ఇంకా చూస్తున్నారు." వాడు తల ఊపాడు గాని, పంతులు మాట అప్పు తీర్చదు కదా! ఈలోగా ఇంకొక చిక్కు. టీకా పత్రంలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉన్నది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉన్నది. మన ఇంటిపేర్లు ముందుంటాయా, వెనకుంటాయా అన్నది విమానాశ్రయంలో వాళ్ళకు ఎట్లా తెలుస్తుంది? రెండుసార్లు మీసేవకు తిరిగి పేరు దిద్దించి, పాస్‌పోర్టు నంబరు కలిపించాము.

అక్టోబరు 27న ఒమాన్ కొవాగ్జిన్‌ను ఒప్పుకున్నది. నవంబరు 3న, అంటే దీపావళికి ముందురోజు, ప్రపంచ ఆరోగ్యసంస్థ కూడా ఆమోదించింది. వాడు ఆ నెలలోనే విమానమెక్కాడు.

ప్రయాణానికి టీకా పత్రం అడగటం కొత్త సంగతి అనుకోకండి. మశూచి ఉన్న రోజుల్లో దేశాలు దాటేవాళ్ళు టీకా పుస్తకం వెంట పెట్టుకునేవారు. 1980లో మశూచి భూమిమీద లేదని ప్రకటించారు, ఆ పుస్తకంతో పని పోయింది. పచ్చజ్వరం ఉన్న దేశాల నుంచి వచ్చేవాళ్ళను మాత్రం ఇప్పటికీ అడుగుతారు.

ధర్మపురి నరసింహస్వామి గుడి దాటి, రాయపట్నం వంతెన మీద గోదావరి దాటుదాం. ఇక పాత ఆదిలాబాదు జిల్లా. 2016లో దానిని నాలుగు జిల్లాలు చేశారు. జన్నారం దగ్గర కలమడుగు అనే ఊరున్నది. అక్కడి హస్తినమడుగు నుంచి మెస్రం వంశపు గోండులు గోదావరి జలం తీసుకుని కాలినడకన కేస్లాపూరు పోతారు. పుష్య అమావాస్యనాడు ఆ నీటితో నాగోబాకు అభిషేకం చేస్తారు. చెప్పులు లేకుండా, అడవి దారిన, రోజుల తరబడి నడక! ఆ అడవే కవ్వాల్ పులుల అభయారణ్యం. ఇందాక చెప్పిన పులి ఇక్కడ బతికే ఉంటుంది, కిటికీలోంచి చెయ్యి బయట పెట్టకండి.

ఉట్నూరు దగ్గర ఒక గూడెం. 2021 వానాకాలంలో అక్కడి ప్రాథమిక ఆరోగ్యకేంద్రం నర్సమ్మ నాకు ఫోను చేసింది. "సారూ, మీకు వీళ్ళ మాట వస్తుంది. ఒకసారి వస్తారా? మూడుసార్లు పోయిన, సీసా తెరవకుండనే తిరిగొచ్చిన" అన్నది.

సీసా తెరవకపోవటం ఏమిటంటే, ఒక సీసాలో పదిమందికి సరిపోయే మందు ఉంటుంది. తెరిచిన తరువాత నాలుగు గంటల్లో అయిపోవాలి, లేకపోతే పారవెయ్యాలి. తెరవనిదాన్ని కూడా రెండు నుంచి ఎనిమిది డిగ్రీల చల్లదనంలోనే ఉంచాలి. అందుకని మంచుగడ్డల పొట్లాలు పేర్చిన నీలం పెట్టె భుజాన వేసుకుని ఆమె వాగులు దాటి వచ్చేది. పదిమంది దొరికేవారు కాదు.

గూడెంవాళ్ళకు తెలివి లేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. వాళ్ళు చెప్పిన కారణం విన్నాను. పత్తి విత్తే రోజులు, తరువాత కలుపు తీసే రోజులు. సూది వేసుకుంటే ఒకటి రెండు రోజులు జ్వరం. పదును పోతే పంట పోయినట్టే. మా లెక్కల మాస్టారు చెప్పిందీ ఇదే మాట కదూ! కరీంనగరంలో చెపితే తీరిక లేదనటం, గూడెంలో చెపితే మూఢనమ్మకమనటం న్యాయం కాదు.

అయితే పని లేని రోజు ఏది? పొలాల అమావాస్య. ఆనాడు ఎద్దులకు కాడి కట్టరు. కడిగి, కొమ్ములకు రంగులు పూసి పూజిస్తారు. ఆ ఏడు అది సెప్టెంబరు మొదటివారంలో వచ్చింది. నర్సమ్మ తన సెలవు వదులుకుని ఆ సాయంత్రమే వచ్చింది. కర్రకాళ్ళ మీద నడిచే పిల్లలు మా వెంట ఊరేగింపుగా వచ్చారు. ఒకరొకరే చేరి తొమ్మిదిమంది అయ్యారు. పదో మనిషి లేడు. నర్సమ్మ పెట్టెమీద చెయ్యి వేసి కూర్చున్నది.

అరుగు మీద ఒక ముసలవ్వ ఉన్నది. ముఖాన మశూచి మచ్చలు. నేను చొక్కా చెయ్యి పైకి తీసి నా మచ్చ చూపించాను. చిన్నప్పుడు టీకాలవాళ్ళు మా ఊరు వస్తే గరిసె వెనక దాక్కున్నాను. మా నాయన చెవి పట్టుకుని లాక్కొచ్చాడు. చిన్న ఇనప బిళ్ళకు పళ్ళుండేవి. దాన్ని చర్మం మీద పెట్టి గిర్రున తిప్పేవారు. అమ్మో! ఆ కథ చెపితే పిల్లలు నవ్వారు. అవ్వ నవ్వలేదు. నా మచ్చను వేలితో తడిమి చూసింది. "మా చెల్లెకు ఇది లేకుండె" అన్నది. లేచి వచ్చి చెయ్యి చాపింది. నర్సమ్మ సీసా తెరిచింది.

వేసుకున్న తరువాత అవ్వ చెయ్యి చూసుకుని, "ఈసారి మచ్చ వడదా సారూ?" అని అడిగింది.

"పడదు అవ్వా."

"మరి ఏసుకున్నట్టు ఎట్ల తెలుస్తది?"

"కాయితం ఇస్తారు."

ఆ జవాబు ఆమెకు నచ్చలేదు. కాయితం తడుస్తుంది, మచ్చ తడవదు అన్నది. ఆ మాటకు నా దగ్గర సమాధానం లేకపోయింది.

దీపావళికి మళ్ళీ వెళ్ళాను. ఆ రోజుల్లో గోండులకు దండారి. ఒక ఊరి ఆటగాళ్ళు నెమలి ఈకల కిరీటాలతో, డప్పులతో ఇంకొక ఊరికి చుట్టాలుగా పోతారు. ఆ ఊరివాళ్ళు ఎదురొచ్చి భోజనం పెట్టి ఉంచుకుంటారు. పెళ్ళి మాటలు కూడా అక్కడే కలుస్తాయి. మేము పోయిననాడు పక్క ఊరి దండారి గూడెంలోనే దిగి ఉన్నది. అవ్వ రెండో డోసు కాయితం ఉట్నూరులో తడవకుండా అట్టలో పెట్టించి తీసుకుపోయాను. ఆమె అటూ ఇటూ తిప్పి చూసి, దూలానికి వేలాడే సంచిలో పెట్టి, ఆట చూడటానికి వెళ్ళిపోయింది.

ఇంద్రవెల్లి దాటి గుడిహత్నూరు దగ్గర పెద్ద రోడ్డెక్కితే ఆదిలాబాదు దగ్గరే. ఈ రోడ్డు కాశ్మీరు నుంచి కన్యాకుమారి దాకా పోతుంది. 2020 ఏప్రిల్, మే నెలల్లో దీనిమీద మనుషులు నడిచారు. హైదరాబాదులో పనులు పోయి, మధ్యప్రదేశ్, ఉత్తరప్రదేశ్, బీహారు చేరాలని పిల్లలను భుజాన వేసుకుని బయలుదేరినవాళ్ళు. ఆ ఎండలో ఆదిలాబాదువాళ్ళు రోడ్డు పక్కన పందిళ్ళు వేసి రొట్టెలు, మజ్జిగ ఇచ్చారు. కొందరు చెప్పులు కూడా ఇచ్చారు.

అదిగో పెన్‌గంగ వంతెన. అప్పట్లో ఇటువంటి సరిహద్దులన్నిటా వాహనాలను ఆపి జ్వరం చూసేవాళ్ళు. ఇప్పుడు లారీలు ఆగకుండా పోతున్నాయి. ఈ బస్సు నాగపూరు పోతుంది. మనం మాత్రం ఇక్కడే దిగుదాం. తిరుగుబస్సు గంటకు గాని రాదు. అందాకా నీళ్ళు చూస్తూ, తెచ్చుకున్న సద్ది తిందాం.