నరసాపురంలో పూర్తయిన స్కార్ఫ్

నరసాపురం దగ్గర రైలు పట్టాలు అయిపోతాయి. హైదరాబాద్‌లో రాత్రి ఎక్కి హాయిగా పడుకోవచ్చు, దిగాల్సిన స్టేషన్ దాటిపోతుందన్న భయమే లేదు. తెల్లారేసరికి కిటికీ బయట కొబ్బరి చెట్లు, చేపల చెరువులు. పాలకొల్లు దాటితే వచ్చేది ఇదే. ఆ తర్వాత ఇక గోదారి.

ఇక్కడికొచ్చిన వాళ్లలో చాలామంది పంటెక్కి అవతలి ఒడ్డున అంతర్వేది వెళ్తారు. నాకు మాత్రం ఊరి పక్కనే ఉన్న చిన్నమ్మమ్మ ఇంట్లో పని. నా బ్యాగులో సగంలో ఆగిపోయిన లేసు స్కార్ఫ్ ఒకటుంది. మా అమ్మ ఇంటర్‌లో చేరినప్పుడు అమ్మమ్మ మొదలుపెట్టింది. ఇప్పుడు నేనే ఉద్యోగం చేస్తున్నా. మొత్తం 60 పువ్వులు కావాలి, 43 అయ్యాయి. అమ్మమ్మకిప్పుడు సూది మొన ఆనడం లేదు.

ఇన్నేళ్లు ఎందుకు ఆగిందో తెలియాలంటే ఈ ఊరి పని గురించి కాస్త చెప్పాలి.

19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు ఇక్కడి ఆడవాళ్లకి క్రోషే అల్లిక నేర్పారు. మగ్గం లేదు, మిషన్ లేదు. కొక్కెం ఉన్న ఒక సూది, నూలు దారం, అంతే. అలా మొదలైన లేసు టేబుల్ క్లాతులుగా, దిండు కవర్లుగా విదేశాలకి వెళ్లింది. 2024లో జీఐ గుర్తింపు కూడా వచ్చింది.

పని ఇళ్లలోనే జరుగుతుంది. ఏజెంటు దారం ఇచ్చి వెళ్తాడు. పువ్వులు అల్లడం చేతిపని. వాటిని కలపడం అతుకుపని, అది వేరేవాళ్లు చేస్తారు. కూలి పీసుకింత అని లెక్క. వంటయ్యాక, పిల్లలు బడికెళ్లాక అరుగు మీద కూర్చుని చేసేది కాబట్టి ఇంట్లో ఎవరూ దీన్ని ఉద్యోగం అనుకోలేదు. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ ఇక్కడి లేసు కార్మికుల మీద 1982లో ఒక పుస్తకమే తెచ్చారు. ప్రపంచ మార్కెట్‌కి సరుకు తయారుచేస్తున్న ఈ ఆడవాళ్లని అందరూ ఇంట్లో ఉండే గృహిణులుగానే లెక్కేస్తున్నారని అందులో చూపించారు.

చిన్నమ్మమ్మ అదే సంగతి రెండు ముక్కల్లో చెప్పింది. "ఆర్డరొచ్చిందంటే సొంత పీసు పెట్టెలోకి పోద్ది. దాంతో డబ్బులొస్తాయి, దీంతో ఏమొస్తాయే?"

అమ్మమ్మకి బద్ధకమై కాదు, ఎప్పుడూ ఏదో ఒక ఆర్డర్ ఉండేది. అమ్మ కాలేజీ ఫీజులో సగం ఆ ఆర్డర్లదే. అమ్మ కోసం మొదలైన స్కార్ఫ్ అమ్మ చదువు కోసమే ఆగిందన్నమాట.

మిగిలిన 17 పువ్వులు నేను అల్లాలి. ముందు ఎనిమిది గొలుసులు వేసి గుండ్రంగా కలపాలి. దాని చుట్టూ రెక్కలు. వినడానికి ఈజీగానే ఉంది. నేను వేసిన మొదటి పువ్వు చూసి చిన్నమ్మమ్మ, "వదులైపోయిందమ్మాయ్, విప్పేయ్" అంది. నాకు ఒక్కో పువ్వుకి గంట పట్టింది. ఆవిడకి పావుగంట, అదీ సీరియల్ చూస్తూ.

సాయంత్రాలు పక్కింటి వాళ్లు కూడా సూదులు పట్టుకుని వచ్చేవాళ్లు. వాళ్లలో అందరికంటే చిన్నావిడకి నలభై దాటాయి. "మీ అమ్మాయిలకి నేర్పలేదా?" అని అడిగా. "భీమవరంలో బట్టల షాపులో నిలబడితే నెల తిరిగేసరికి జీతం వస్తది కదండీ. దీంట్లో కళ్లు పోవడం తప్ప ఏముంది?" అన్నారొకరు. నా దగ్గర జవాబు లేదు. మీరు ఎక్కడైనా చేతి లేసు కొంటే బేరమాడే ముందు ఒక్క పువ్వు దగ్గరగా చూడండి చాలు.

నాలుగో రోజు మాధవాయిపాలెం రేవులో పంటెక్కాను. బైకులు, కొబ్బరి బస్తాల మధ్య రెయిలింగ్‌కి ఆనుకుని 60వ పువ్వు ముగించాను. సఖినేటిపల్లి ఒడ్డు వచ్చేసరికి దారం తెంచేశా. అతుకుపని ఆ రాత్రి చిన్నమ్మమ్మ చేసిపెట్టింది.

పాత పువ్వులు పసుపెక్కాయి, కొత్తవి తెల్లగా ఉన్నాయి. రెండుసార్లు ఉతికినా ఆ తేడా పోలేదు.

హైదరాబాద్ వచ్చాక అమ్మమ్మ ఒళ్లో పెట్టాను. ఆవిడ రంగు చూడలేదు. జపమాల తిప్పినట్టు ఒక్కో పువ్వునీ వేళ్లతో నొక్కుకుంటూ వెళ్లి, ఒక దగ్గర ఆగింది.

"ఇక్కణ్నుంచి నీదే కదా?"

లెక్కపెట్టి చూశా. 44వ పువ్వు.

"బాగానే ఉంది. కాస్త వదులు" అంది. తర్వాత అమ్మని కేకేసింది. "ఏమే, ఇలా రా. ఎండలో స్కూటీ మీద వెళ్లేటప్పుడు ఇది కట్టుకో."