పాత ఇనుము

ఆవిరి ఇంజనును చూడటానికి టిక్కెట్టు కొనుక్కుని లోపలికి పోవలసిన రోజు ఒకటి వస్తుందని మా పెద్దనాయన ఏనాడూ అనుకోలేదట. ఢిల్లీలో చాణక్యపురిలో ఉన్న జాతీయ రైలు మ్యూజియం గేటు దగ్గర నేను టిక్కెట్లు తీసుకుంటూ ఉంటే ఆయన పక్కకు తిరిగి నిలబడ్డాడు. "రైల్వేలో ముప్పయ్యేడేండ్లు చేసినోన్ని. నాకు గూడ టిక్కెట్టేనారా?" అన్నాడు. కోపంతో అన్నమాట కాదది. నిజంగానే సందేహం. నేను జవాబు చెప్పలేక, లోపలికి పదమని చెయ్యి పట్టుకున్నాను.

పెద్దనాయన 1973లో క్లీనరుగా చేరాడు. ఇంజను కింద దూరి బూడిద లాగడం, చక్రాలకు అంటిన జిడ్డు తుడవడం ఆ ఉద్యోగం. తర్వాత ఫైర్‌మన్ అయ్యాడు, చివరకు డీజిలు ఇంజను డ్రైవరుగా పదవీ విరమణ చేశాడు. కానీ డీజిలు గురించి ఆయన మాట్లాడగా మేమెవ్వరమూ వినలేదు. "దాన్ల ఏముండాదిరా, కుర్చీల కూసోని పిడి తిప్పేదే గదా" అనేవాడు. మాట్లాడితే దొనకొండ షెడ్డు, గిద్దలూరు, దిగువమెట్ట, నంద్యాల, అంతే. ఆ రోజుల్లో గుంటూరు నుంచి గుంతకల్లు దాకా అంతా మీటర్‌గేజి. పట్టాల మధ్య ఎడం సరిగ్గా 1000 మిల్లీమీటర్లు. ఇప్పుడు మన నంద్యాల స్టేషన్లో చూస్తున్న బ్రాడ్‌గేజి 1676 మిల్లీమీటర్లు. ఈ తేడా అంకెల్లో చూస్తే మూరెడు కన్నా కాస్త ఎక్కువ. కానీ 1990లలో లైను మార్చినప్పుడు ఆ మూరెడు తేడాలో ఆయన నేర్చుకున్న విద్య మొత్తం కొట్టుకుపోయింది.

ఆ విద్య ఏమిటో నాకు చిన్నప్పుడు అర్థమయ్యేది కాదు. బొగ్గు పారతో లోపలికి విసిరేదానికి విద్య ఎందుకు అనుకునేవాణ్ణి. ఒకసారి ఆ మాట ఆయన ముందరే అన్నాను. "సరే, పొయ్యిలో కట్టెలన్నీ ఒక్కసారే తోసి, మీయమ్మను అన్నం వండమను చూద్దాం" అన్నాడు. బొగ్గు కుప్పగా పోస్తే మంట చచ్చిపోయి, గొట్టంలోంచి నల్లని పొగ లేస్తుంది. అది చేతగాని ఫైర్‌మన్‌కు గుర్తు. కొంచెం కొంచెంగా, తరచుగా, నాలుగు మూలలకూ పలచగా పరుచుకునేట్లు వెయ్యాలి. ఒక కన్ను మంట మీద, ఇంకో కన్ను గేజి గ్లాసు మీద. గ్లాసులో నీటి మట్టం పడిపోతే మంటపెట్టె పైకప్పు మీద నీళ్ళుండవు, ఇనుము కాలిపోతుంది. అందుకే ఆ కప్పులో లెడ్ ప్లగ్గు ఒకటి బిగించి ఉంటుంది. నీళ్ళు అడుగంటితే ప్లగ్గులోని సీసం కరిగి, ఆవిరి మంట మీదికి చిమ్మి ప్రమాదం తెలియజేస్తుంది. వై.పి., వై.జి. తరగతుల ఇంజన్లలో ఆవిరి ఒత్తిడి చదరపు అంగుళానికి 210 పౌనులు. "ప్లగ్గు కరగబెట్టినోడు షెడ్డులో తలెత్తుకోని తిరగలేడు" అనేవాడు. ఆయన సర్వీసులో ఒక్కసారీ కరగలేదు. ఈ సంగతి ఇంటికి వచ్చిన ప్రతి చుట్టానికీ చెప్పేవాడు, పెండ్లి సంబంధం వాళ్ళకు కూడా!

గిద్దలూరు, నంద్యాలల మధ్య నల్లమల ఎక్కడమే ఆ లైనుకు పరీక్ష. 1880లలో సదరన్ మరాఠా రైల్వే వాళ్ళు వేసిన దారి అది. లోయ మీద దొరబావి వంతెన, కొండలో బొగద. సొరంగంలోకి పోయే ముందు తడిగుడ్డ ముఖానికి చుట్టుకునేవాళ్ళట. పొగ బయటికి పోయే దారి లేక, వేడంతా క్యాబులోకే తిరిగి వచ్చేది. బయటపడ్డాక ఒకరి మొగం ఒకరు చూసుకుని నవ్వుకునేవాళ్ళట. వంతెన మీద మాత్రం ఎవరూ మాట్లాడేవాళ్ళు కాదని చెప్పాడు. బ్రాడ్‌గేజి కోసం దారి మార్చి వేశాక ఆ పాత వంతెన మీది ఇనుమంతా విప్పి తీసుకుపోయారు. ఇప్పుడు అడవిలో స్తంభాలు మాత్రం నిలబడి ఉన్నాయి.

అసలు ఢిల్లీ ప్రయాణం ఎందుకు వచ్చిందో చెప్పాలి. ఆళ్ళగడ్డ దగ్గర మా ఊళ్ళో పాత దొడ్డిలో ఒక ఆయిల్ ఇంజను ఉంది. మా జేజినాయన 1956లో పిండిమిషనుకని కొన్నది. మనిషి రొమ్ముల ఎత్తు చక్రం, దానికి బెల్టు, పక్కన నీళ్ళ తొట్టి. రస్టన్ హార్న్స్‌బీ, లింకన్, ఇంగ్లండ్ అని ఇత్తడి రేకు మీద అక్షరాలు. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు జొన్నలూ కొర్రలూ నెత్తిన పెట్టుకుని వచ్చేవాళ్ళు. ఇంజను చప్పుడు వినపడితేనే బయలుదేరేవాళ్ళట, ఊరికే నడిచి రావడం ఎందుకని. కరెంటు మోటారు వచ్చాక అది మూలబడింది. పోయిన కార్తీకంలో పాత ఇనుప సామాన్ల వ్యాపారి ఒకాయన వచ్చి, కిలో లెక్కన ధర చెప్పాడు. మా నాయన సరేనన్నాడు. తప్పేముంది? దొడ్డి గోడ కూలిపోతూ ఉంది, చెల్లెలి ఫీజు కట్టాలి. పెద్దనాయన ఏమీ అనలేదు గానీ, ఆ రోజు నుంచి మా ఇంట్లో భోజనానికి రావడం మానేశాడు. అన్నదమ్ములిద్దరూ నంద్యాలలో ఒకే వీధిలో ఉంటూ నెల రోజులు మాట్లాడుకోలేదు.

అప్పుడే నాకు ఢిల్లీలో ఇంటర్వ్యూ వచ్చింది. "ఆయప్పను గూడ తీస్కపో. ఆడ రైలు మ్యూజియం ఉండాదంట, చూసొస్తే మనసు మారుతాది" అన్నాడు నాయన. హైదరాబాదు పోయి అక్కడ ఢిల్లీ రైలెక్కాం. ఇంటర్వ్యూ సంగతి చెప్పుకోదగ్గది కాదు, వదిలేద్దాం.

ఆ మ్యూజియం 1977లో తెరిచారు. ఆరుబయట, పట్టాల మీద వరసగా ఇంజన్లు. బెంగాల్ నాగపూర్ రైల్వే వారి గ్యారట్ ఇంజను ఒకటుంది. ఒక బాయిలరు, దానికి ముందొకటి వెనకొకటి రెండు ఇంజన్లు తగిలించినట్లుండే రాక్షసి. ఆ కంపెనీ లైనే మన విజయనగరం, వాల్తేరుల దాకా వచ్చింది. 1914లో ఇంగ్లండులో జాన్ మోరిస్ కంపెనీ చేసిన ఫైరింజనునూ ఈ మ్యూజియం సంపదలోనే లెక్క చెబుతారు. అది ఒకప్పుడు నిజాం స్టేట్ రైల్వేది. నేను ఇవన్నీ ఉత్సాహంగా చదివి వినిపిస్తున్నాను. పెద్దనాయన మాత్రం చేతులు వెనక్కు కట్టుకుని, అత్తగారింటికి వచ్చిన కొత్తల్లుడిలా బిగుసుకుని నడుస్తున్నాడు.

ఒక చిన్న మీటర్‌గేజి ఇంజను దగ్గర ఆగాడు. ఎఫ్-734. 1895లో అజ్మీరు వర్క్‌షాపులో తయారైంది. మన దేశంలో తయారైన మొదటి రైలింజను అదే. పెద్దనాయన కిందికి వంగి, చక్రాల దగ్గర నూనె గిన్నె మూత వేలితో తడిమి చూశాడు.

"నూనె లేదు" అన్నాడు.

"నడవని దానికి నూనెందుకు పెద్దనాయనా?"

"ఊరికే అన్న్యాలే."

తర్వాత బాయిలరు మీద అరచెయ్యి పెట్టి చాలాసేపు అట్లాగే ఉంచాడు. "చల్లగుండాదిరా" అన్నాడు. జనవరి నెల ఢిల్లీ. అక్కడ చల్లగా లేనిదేమీ లేదు. అయినా ఆయన అన్నది ఆ చల్లదనం కాదని నాకు తెలుసు. షెడ్డులో ఇంజను చల్లారబెట్టడమంటే మరమ్మతుకైనా పోవాలి, తుక్కుకైనా పోవాలి. మళ్ళీ ఆవిరి కట్టడానికి గంటలు పడుతుంది కాబట్టి మామూలు రోజుల్లో మంట ఆర్పేవాళ్ళు కాదు.

నేను మనసులో అనుకున్నాను, తీసుకురావడం పొరపాటైందని.

ఇంతలో కూత వినపడింది. పెద్దగా ఏమీ కాదు, సన్నని కూత. పెద్దనాయన తల టక్కున తిరిగింది. పటియాలా మోనోరైలు ఆ రోజు ఆవిరి కట్టి నడుపుతున్నారు. వింత బండి అది. కింద ఒక్కటే పట్టా. బరువంతా ఆ పట్టా మీద. పక్కకు ఒరిగిపోకుండా ఒక వైపు పెద్ద చక్రం మామూలు నేల మీదే దొర్లుతూ ఉంటుంది. పటియాలా సంస్థానంలో 1907లో మొదలుపెట్టారు. ఇంజను జర్మనీ వారి ఓరెన్‌స్టీన్ కోపెల్‌ది. 1927 దాకా నడిచి ఆగిపోయి, షెడ్డులో పడి ఉంటే 1962లో కనిపెట్టారు. అంటే ముప్పయ్యైదేండ్లు అదీ మా దొడ్డిలో ఇంజనులాగే పడి ఉందన్నమాట. ఎవరూ తూకానికి వేయకపోవడం దాని అదృష్టం.

మా పెద్దనాయన నడక మారిపోయింది. బొగ్గు పొగ, వేడి నూనె కలిసిన ఆ వాసన... నాకు దగ్గు వచ్చింది, ఆయన మాత్రం లోపలికి పీల్చుకుంటున్నాడు. ఇంజను పక్కన నిలబడి ముందు గేజి గ్లాసు చూశాడు. సగానికి పైన నీళ్ళున్నాయి. తల ఆడించాడు. మంట వేస్తున్న కుర్రవాడికి నా వయసు ఉంటుంది. వాడు పార నిండా బొగ్గు తీసి ఒకే చోట పోశాడు. గొట్టంలోంచి నల్లగా పొగ లేచింది. పెద్దనాయన ఇక ఆగలేకపోయాడు. వచ్చీరాని హిందీలో, మిగిలింది చేతులతో, పలచగా వెయ్యాలని చూపించాడు. కుర్రవాడు నవ్వి, కోపగించుకోకుండా, ఏ ఊరని అడిగాడు. ఫైర్‌మన్‌గా పనిచేశానని చెప్పగానే పార ఆయన చేతికిచ్చాడు.

ఇక్కడ నేను వేరే విధంగా వ్రాస్తే బాగుండేది. జరిగింది మాత్రం ఇది. ఆయన కాళ్ళు ఎడంగా పెట్టి, పార దించి, ఎత్తి విసిరాడు. భుజం సగంలో పట్టేసింది. బొగ్గు సగం తలుపు అంచుకు తగిలి కింద పడింది. పెద్దనాయన కింద పడిన ముక్కలను ఒక్కొక్కటే చేత్తో ఏరి, లోపల వేసి, పార తిరిగి ఇచ్చేశాడు. కుర్రవాడు ఆయన పాదాలు తాకి దండం పెట్టుకున్నాడు. ఆ తర్వాత బండి ఎక్కి ఒక చుట్టు తిరిగాం. ఆయన ఏమీ మాట్లాడలేదు. రాత్రి బసలో, దీపం ఆర్పాక, "పదహైదు టన్నుల బొగ్గేసినా చెయ్యి నొయ్యలేదు ఆ పొద్దు" అన్నాడు చీకట్లో. లెక్క ఎక్కువ చెప్పాడేమో! నేను ఊ కొట్టాను.

తిరుగు ప్రయాణంలో ఆయనకు ఒక సంగతి చెప్పాను. ఇంగ్లండులో డోర్సెట్ అనే జిల్లాలో 1969లో ఆవిరి యంత్రాల జాతర ఒకటి మొదలుపెట్టారు. మన మహానంది తిరుణాలకు బండ్లు కట్టుకుని పోయినట్లు, అక్కడ రోడ్డు రోలర్లు, దుక్కి ఇంజన్లు, రంపపు మిషన్లు తోలుకుని వచ్చేవాళ్ళు. ఊరికే నిలబెట్టడం కాదు, నడిపి చూపడం. ఇట్లాంటి జాతరల్లో మా దొడ్డిలోని రస్టన్ లాంటి ఇంజన్లు కూడా ఉంటాయి. రస్టన్ కంపెనీ, హార్న్స్‌బీ కంపెనీ 1918లో ఒకటయ్యాయి. ఆ హార్న్స్‌బీ వాళ్ళు డీజిల్ దొర తన ఇంజను నడిపి చూపించక ముందే, 1892 నాటికే, ఆయిల్ ఇంజన్లు అమ్మినవాళ్ళు. పెద్దనాయన అంతా విని, "అది తిరుగుతాదా?" అన్నాడు.

"ఏది?"

"మీ జేజినాయన ఇంజను."

ఊరికి రాగానే ఆళ్ళగడ్డ పోయాం. సిలిండరులో పిస్టను పట్టేసి ఉంది. పెద్దనాయన పైనుంచి కిరసనాయిలు పోసి, కదిలించవద్దని, వారం వదిలేశాడు. ఇంజనును పైకి లేపాల్సి వచ్చినప్పుడు రోడ్డు పక్కన విగ్రహాలు చెక్కే శిల్పి ఒకాయన తన చైను కప్పీ ఇచ్చాడు. టన్నుల కొద్దీ రాళ్ళు లేపే చెయ్యి, ఇంజనును పసిబిడ్డను ఎత్తినట్లు ఎత్తాడు. డబ్బు తీసుకోలేదు. మా నాయన మొదటి ఆదివారం దొడ్డి బయట నిలబడి చూశాడు. రెండో ఆదివారం స్పానర్లు అందించాడు. అన్నదమ్ములు ఇంకా నేరుగా మాట్లాడుకోలేదు, నా ద్వారానే మాట్లాడుకున్నారు. "మీ నాయనను ఆ పదునారో నంబరు ఇమ్మను." "మీ పెద్దనాయనకు చెప్పు, అది పదునేడు."

మూడో ఆదివారం పిస్టను కదిలింది. ఇద్దరం కలిసి హ్యాండిల్ తిప్పాం. చక్రం బరువుగా తిరిగి, తిరిగి, గొట్టంలోంచి ఒక్క పొగ ఉండ బయటికి వచ్చింది. ఒక్కటే! దొడ్డిలో కోళ్ళన్నీ చెదిరిపోయాయి. పక్కింటి ముసలామె గోడ మీదుగా తొంగి చూసి, "ఏమప్పా, మిషను మళ్ళా పెడ్తారా?" అని అడిగింది. అంతటితో ఆగిపోయింది. ఆయిలు పంపు పనిచేయడం లేదని పెద్దనాయన తేల్చాడు.

ఇనుప వ్యాపారి సంక్రాంతి అయినాక వస్తానన్నవాడు ఇంకోసారి వచ్చాడు. మా నాయన ఆయన్ను అరుగు మీద కూర్చోబెట్టి, టీ ఇచ్చి, ఉగాది తర్వాత రమ్మన్నాడు. ఉగాది తర్వాత అమ్ముతాడో లేదో నాకు తెలియదు. చెల్లెలి ఫీజు ఇంకా కట్టవలసే ఉంది. పంపు మాత్రం నంద్యాలలో లేత్ షాపులో ఉంది. పెద్దనాయన రోజూ పొద్దున్నే అక్కడికి పోయి కూర్చుంటున్నాడు.