మ్యాచ్ లేని రోజు మైదానం ఎవరిది?

గడ్డి పెంచి అమ్ముకునేవాడికి స్టేడియం ఎక్కడ కడితే ఏమిటని మా కడియపులంకలోనే నన్ను అడిగినవాళ్లున్నారు. ఎక్కడ కట్టినా నాకు ఆర్డరే, నిజమే. ఊరి మధ్యలో కడితే మైదానం వరకే పని. ఊరి బయట కడితే మైదానంతో పాటు పార్కింగు చుట్టూ లాను, గేట్ల దగ్గర పామ్ చెట్లు, రోడ్డు పొడవునా పూలమొక్కలు, అన్నీ కలిపి రెండింతల లోడు. నా లాభం ఒక్కటే చూసుకుంటే బయటే కట్టమనాలి. ఈ పనిలో తల నెరిశాక నా అభిప్రాయం మాత్రం వేరేగా తేలింది.

అమరావతిలో లక్షమందికి పైగా కూర్చునే క్రికెట్ స్టేడియం కడతామన్న మాట 2025లో వినపడిన దగ్గర్నుంచి హైవే పక్కన టీ బంకు దగ్గర రోజూ ఇదే వాదన. "రాజధాని అన్నాక ఆమాత్రం స్టేడియం ఉండొద్దా?" అంటాడొకడు. "బెజవాడ నడిబొడ్డున ఇందిరాగాంధీ స్టేడియం ఉండనే ఉందిగా, దాన్ని బాగు చేసుకుంటే పోలేదా?" అంటాడింకొకడు. అమరావతి ప్లాను మొదట గీసినప్పుడే తొమ్మిది నగరాల్లో ఒకటి క్రీడా నగరం అన్నారు కాబట్టి ఇది కొత్తగా పుట్టిన కోరిక కాదు. అటు తెలంగాణలో కూడా 2024లో హైదరాబాదుకు దూరంగా బేగరికంచె దగ్గర అంతర్జాతీయ స్టేడియం వస్తుందన్నారు. మావాళ్లయితే ఆ రెండు ఆర్డర్లూ కడియానికే వచ్చేసినట్టు లారీల లెక్క కూడా వేసేశారు.

ముందు నా పనేమిటో చెప్పాలి. కడియం అంటే అందరికీ మొక్కలే గుర్తొస్తాయి. వీరవరం, బుర్రిలంక, వేమగిరి, ఎటు చూసినా నర్సరీలే. గడ్డి పెంచేవాళ్లం తక్కువమంది. ఇళ్ల ముందు లానుకు కొరియన్ గడ్డి, ఆటస్థలానికి బెర్ముడా. బెర్ముడా అంటే భయపడక్కర్లేదు, మన గరిక జాతే. తొక్కుడుకు తట్టుకుంటుంది, కోస్తే మళ్లీ లేస్తుంది, దెబ్బ తగిలినచోట పక్కలనుంచి పాకి పూడ్చుకుంటుంది. ఒక్కటి మాత్రం భరించలేదు, నీడ. రోజుకు కనీసం ఆరేడు గంటలు నేరుగా ఎండ పడాలి.

ఈ ఒక్క ముక్క తెలిస్తే ఊరి మధ్య స్టేడియం కష్టం సగం అర్థమవుతుంది. స్థలం చాలదు గనక గ్యాలరీ పక్కకు పెరగదు, పైకి పెరుగుతుంది. పడమటి వైపు ఎత్తు గ్యాలరీ లేచిందంటే మధ్యాహ్నం మూడు దాటాక ఆ బౌండరీ అంతా నీడే. అక్కడ గడ్డి పలచబడుతుంది, నాచు పడుతుంది, వేసినచోటే మళ్లీ మళ్లీ పలకలు మార్చాలి. లారీ సంగతి సరేసరి. గడ్డి పలకలు సాయంత్రం కోసి, తడి గోనెలు కప్పి, రాత్రికి రాత్రి బయల్దేరాలి. దొంతిలో ఎక్కువసేపు ఉంటే లోపల ఆవిరి పుట్టి పసుపెక్కిపోతుంది. తెల్లారేసరికి ఊళ్లోకి చేరకపోతే పెద్ద లారీని పగలు రానివ్వరు. ఊరి చివర ఆగి, గడ్డి మీద నీళ్లు చల్లుకుంటూ రాత్రయ్యేదాకా కూర్చోవాలి. బయటి స్టేడియం అయితే ఈ బాధలేవీ లేవు. ఎండ కావలసినంత, గాలి కావలసినంత, లారీ నేరుగా గేటు దాకా.

కాబట్టి గడ్డిని అడిగితే ఊరి బయటే బాగుందంటుంది. ఆడేవాళ్లను, చూసేవాళ్లను అడిగితేనే లెక్క మారుతుంది.

విశాఖలో మునిసిపల్ స్టేడియం, అదే ఇందిరా ప్రియదర్శిని స్టేడియం, ఊళ్లోనే ఉంది. 1988 నుంచి 2001 దాకా వన్డేలు అక్కడే జరిగాయి. తర్వాత మధురవాడ దగ్గర కొత్తది కట్టారు. 2005 ఏప్రిల్ 5న పాకిస్తాన్ మీద ధోనీ 148 కొట్టింది అక్కడే. హైదరాబాదులోనూ అదే కథ. ఫతే మైదాన్‌లోని లాల్ బహదూర్ స్టేడియంలో 1999లో న్యూజిలాండ్ మీద సచిన్, ద్రవిడ్ కలిసి 331 పరుగులు చేశారు. ఆరేళ్లు తిరిగేసరికి ఆట ఉప్పల్‌కు వెళ్లిపోయింది. ఉప్పల్‌లో మొదటి వన్డే 2005 నవంబరులో. దాని పక్కకు మెట్రో రైలు వచ్చింది 2017 నవంబరులో. సరిగ్గా ఒక పుష్కరం! ఆ పన్నెండేళ్లూ మ్యాచ్ వదిలాక అర్ధరాత్రి జనం ఎలా ఇళ్లకు చేరారో ప్లాను గీసినవాళ్లు ఒక్కసారైనా నిలబడి చూశారా అని నా అనుమానం. ఇప్పుడు ఉప్పల్ ఊరి బయటేమీ కాదు, మధురవాడా కాదు. ఇరవై ఏళ్లలో ఊరే నడుచుకుంటూ వాటి దగ్గరకు వెళ్లింది. బయట కట్టాలనేవాళ్లు ఈ మాట గొప్పగా చెబుతారు. ఆ ఇరవై ఏళ్లూ అవస్థ పడినవాళ్లు ఎవరన్నది మాత్రం చెప్పరు.

ఈ వాదన మనకొక్కళ్లకే కాదు. మా చెల్లెలి కొడుకు అమెరికాలో కాన్సాస్ సిటీలో ఉంటాడు. అక్కడ రాయల్స్ అని బేస్‌బాల్ జట్టు ఉంది. వాళ్ల స్టేడియం 1973 నుంచి ఊరికి దూరంగా, పెద్ద రోడ్ల కూడలి పక్కన, చుట్టూ కార్ల మైదానంతో ఉంది. దాన్ని వదిలేసి నగరం నడిబొడ్డుకు వస్తామన్నారు. అందుకోసం అమ్మకం పన్నులో కొంత ఇంకో నలభై ఏళ్లు కట్టాలని జనాన్ని అడిగారు. 2024 ఏప్రిల్ 2న ఓటు పెడితే నూటికి 58 మంది వద్దన్నారు. ఆ పన్ను పాత చోటే ఉన్న ఫుట్‌బాల్ స్టేడియం బాగుచేతకు కూడా కలిపి అడిగినది, అయినా వద్దన్నారు.

"అదేమిట్రా, ఊళ్లోకి వస్తానంటే వద్దంటారా?" అన్నాను.

"రావద్దని కాదు మావయ్యా, మా డబ్బుతో రావద్దన్నారు. కట్టాలన్నచోట చిన్నచిన్న దుకాణాలున్నాయి, అవి పోతాయని కూడా భయపడ్డారు" అన్నాడు.

నాకు అసూయ వేసిందంటే నమ్మండి. మన దగ్గర స్టేడియం ఎక్కడ కట్టాలని ఎవరినైనా ఓటు అడిగారా? గెలిచినా ఓడినా ఆ అడగడం ఒక మర్యాద.

వాడు చెప్పినవాటిలో నా బుర్రలో పాతుకుపోయింది ఇంకొకటి. బేస్‌బాల్ జట్టు ఒక్క సీజన్లో సొంత ఊళ్లో 81 ఆటలు ఆడుతుందట. అందుకే అక్కడ స్టేడియం నడిబొడ్డున ఉంటే చుట్టూ హోటళ్లు బతుకుతాయనే వాదనకు కాస్త కాళ్లున్నాయి. మన క్రికెట్ స్టేడియానికి ఏడాదికి పెద్ద మ్యాచ్‌లు ఎన్ని? ఒక ఐపీఎల్ జట్టు ఉన్న ఊరికే లీగు దశలో ఏడు. జట్టు లేని ఊరికి ఒకటో రెండో, ఒక్కో ఏడాది అదీ లేదు. బెజవాడ ఇందిరాగాంధీ స్టేడియంలో పురుషుల వన్డే జరిగింది ఒక్కటే, 2002 నవంబరు 24న వెస్టిండీస్‌తో. అమెరికాను చూపించి మన దగ్గర స్టేడియం వస్తే వ్యాపారం పెరుగుతుందనేవాళ్లు ఈ 81ని మింగేస్తారు.

మ్యాచ్ ఉన్నా లేకపోయినా గడ్డికి మాత్రం నీళ్లు తప్పవు. మైదానం నాలుగున్నర ఎకరాలనుకోండి. ఎండాకాలంలో రోజుకు అయిదు మిల్లీమీటర్ల తడి ఇవ్వాలంటే 90 వేల లీటర్లు. అయిదు వేల లీటర్ల ట్యాంకర్లు 18 అన్నమాట, ప్రతిరోజూ. 2016లో మహారాష్ట్రలో కరువొస్తే తాగడానికి లేని నీళ్లు గడ్డికెందుకని కేసు వేశారు. మే నెల ఐపీఎల్ మ్యాచ్‌లను రాష్ట్రం దాటించమని బాంబే హైకోర్టు చెబితే పుణె జట్టు, ముంబై జట్టు రెండూ విశాఖకే వచ్చి ఆడాయి. మనవాళ్లు సంబరపడ్డారు. మనకు మాత్రం నీళ్లు ఎక్కడినుంచి వచ్చాయని నేను అడిగితే, "నీ నర్సరీకి ఎక్కడినుంచి వస్తాయో అక్కణ్నుంచే" అని మా టీ బంకు వాడు నోరు మూయించాడు. గోదావరి కాలువ పక్కన కూర్చుని నీళ్ల నీతి చెప్పడం నాకూ తగదు గానీ, శుద్ధి చేసిన మురుగునీరు గడ్డికి పనికొస్తుంది. కొత్త స్టేడియం ఎక్కడ కట్టినా ఆ పైపు మొదటిరోజే వెయ్యాలి.

అమరావతిలో ఇంకో చిక్కుంది, నేల. అది నల్లరేగడి. పిచ్ చెయ్యడానికి అంత మంచి బంకమన్ను ఉండదు. పిచ్ చుట్టూ ఉన్న మైదానానికి మాత్రం అదే శత్రువు. వాన పడితే నీరు దిగదు, ఎండకు నెర్రెలిస్తుంది. పైమట్టి తీసేసి, కింద చిల్లుల పైపులు, వాటిమీద కంకర, ఆపైన అడుగు మందం ఇసుక పరిచి అప్పుడు గడ్డి నాటాలి. ఈ ఖర్చు నేలలోపల పూడుకుపోతుంది, ఫొటోలో పడదు. అందుకే బిల్లు తగ్గించాలంటే మొదట కోసేది ఇసుకనే. ఒక ఊళ్లో ఇసుక సగానికి కోసినచోట మమ్మల్ని గడ్డి వెయ్యమన్నారు. మొదటి వానకు మడుగైంది, నెపం గడ్డి మీద పడింది, నా బిల్లు ఏడాది ఆగింది.

ఇక ఊరి మధ్య మైదానాల సంగతి. నిజం చెప్పాలంటే వాటి మీద గడ్డి బతకనే బతకదు. లాల్ బహదూర్ స్టేడియంలో 1983లో ఎన్టీఆర్ ప్రమాణం చేశారు, 2004లో వైఎస్ చేశారు, 2023లో రేవంత్ రెడ్డి చేశారు. బెజవాడ స్టేడియంలో 2019లో జగన్ చేశారు. ప్రమాణ స్వీకారమంటే లారీలు, స్టేజీ, షామియానా గుంజలు, లక్ష చెప్పులు. మర్నాడు చూస్తే గడ్డి కాదు, గచ్చు. బెజవాడలో స్వరాజ్య మైదానం అంబేడ్కర్ విగ్రహ స్మృతివనంగా 2024 జనవరిలో మారాక, 2025లో పుస్తకాల పండుగ ఇందిరాగాంధీ స్టేడియానికి చేరింది. ఆ విగ్రహం ఘనత మీద నాకు పేచీ లేదు. ఖాళీ నేల ఒకటి తగ్గితే ఆ బరువంతా మిగిలినదాని మీద పడుతుందని మాత్రం చెబుతున్నాను.

అయినా ఆ గచ్చు మీదే పొద్దున్నే పిల్లలు పరుగెత్తుతున్నారు. మా రాజమండ్రిలో ఆర్ట్స్ కాలేజీ మైదానం చూడండి. నడకకొచ్చే పెద్దవాళ్లు, టెన్నిస్ బంతి పిల్లలు, అందరిదీ అదే నేల. గడ్డివాడిగా ఆ నేలను చూస్తే ఏడుపొస్తుంది. తాతగా చూస్తే మాత్రం అంతకన్నా పచ్చని మైదానం ఇంకోటి కనపడదు. బయటి స్టేడియాల్లో నేను వేసిన గడ్డి పచ్చగా, దువ్వినట్టు ఉంటుంది. దాన్ని తొక్కేవాడే లేడు. చుట్టుపక్కల పిల్లలు గేటు చువ్వల్లోంచి చూసి వెళ్లిపోతారు.

బెంగళూరు మాట ఎత్తుతారని తెలుసు. 2025 జూన్ 4న చిన్నస్వామి స్టేడియం గేట్ల దగ్గర తొక్కిసలాటలో 11 మంది పోయారు. ఆ తర్వాత అక్కడా ఊరి బయట, సూర్య సిటీలో, 80 వేలమందికి స్టేడియం అన్నారు. పదిహేడు ఎకరాల్లో ఉన్న స్టేడియం దగ్గరకు లక్షల మంది వస్తే ఇరుకే. జనం ఎంతమంది వస్తారో, ఏ గేటునుంచి పోతారో లెక్క వెయ్యకపోతే నూరెకరాల్లోనూ ఇరుకే.

అమరావతిలో కట్టనివ్వండి, లక్షమందికే కట్టనివ్వండి. మొదటి మ్యాచ్‌కి ముందే బెజవాడ నుంచి, గుంటూరు నుంచి రాత్రి పన్నెండింటికి కూడా దొరికే బస్సో రైలో ఉండాలి. పుష్కరం ఆగాక కాదు. కొత్తది వచ్చిందని ఊరి మధ్య పాత మైదానాన్ని షాపింగ్ కాంప్లెక్సుకో సభలకో ధారపోయకూడదు. దాన్ని సగం పిల్లలకు, సగం నడకకు వదిలేస్తే చాలు, గడ్డి సంగతి మా కడియంవాళ్లం చూసుకుంటాం. మీ ఊళ్లో కొత్త స్టేడియం అంటూ ఎవరైనా ప్లాను కాగితం పరిస్తే, సీట్లు ఎన్ని అని అడగకండి. మ్యాచ్ లేని రోజు గేటు తాళం ఎవరి దగ్గర ఉంటుందో అడగండి, ఆ జవాబు కాగితం మీద రాయించుకోండి.